సీతమ్మ వాగు పసుపు రాయి

పర్ణశాలను నేను చూసింది ఒక్కసారే. అది పోయిన చలికాలంలో, మా అక్కతో కలిసి. కానీ అంతకు రెండేళ్ల ముందే నేను చూసి వచ్చానని కొల్లూరు కాలనీలో అక్క వాళ్ల బ్లాకులో అందరూ నమ్మారు. నమ్మేటట్టు చెప్పింది నేనే. ఇప్పుడు ఆ బ్లాకులో మా అక్క గురించి ఒక మాట నడుస్తోంది. మొగుడికి ఏదో తాగించిందట, అందుకే ఆయన తొందరగా పోయాడట. ఆ మాటలో సగం నిజముంది. మిగతా సగం నా దగ్గర ఉంది. దాన్ని రాయడానికే కూర్చున్నాను.

నాకు యాభై దగ్గర పడుతున్నాయి. పటాన్‌చెరు పక్కన ఒక రసాయనాల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తాను. మాది భానూర్ దగ్గరి ఊరు. అక్క నాకంటే ఆరేళ్లు పెద్దది. అమ్మ కలుపు తీయడానికి పోతే నన్ను చంకనేసుకుని తిరిగింది అక్కే. బావ ముత్తంగి గోదాముల దగ్గర ట్రాలీ ఆటో నడిపేవాడు. వాళ్లకు పిల్లలు కలగలేదు. ఏళ్ల తరబడి కిరాయి ఇళ్లలో ఉండి, చివరికి సర్కారు ఇళ్ల లాటరీలో కొల్లూరులో తొమ్మిదో అంతస్తులో ఇల్లు వచ్చింది. ఇల్లు వచ్చిన సంవత్సరమే బావకు కిడ్నీలు పోయాయి.

అప్పటినుంచి వారానికి రెండుసార్లు డయాలసిస్. ఆ జబ్బు వచ్చినవాళ్లకు నీళ్లు లెక్క ప్రకారమే ఇవ్వాలి. పొద్దున్నుంచి రాత్రి దాకా అన్నీ కలిపి ఒక అర లీటరు సీసా. అక్క ఆ సీసాను పొద్దున్నే నింపి కిటికీ గూట్లో పెట్టేది. బావ దాని వంక చూస్తూ కూర్చునేవాడు. మే నెలలో దూపతో నాలుక పిడచగట్టినా అంతే. నా చిన్నప్పుడు మా పొలం మోటబావి దగ్గర బోర్లా పడుకుని కాలువకు నోరు పెట్టి తాగిన మనిషి ఆయన.

మూడేళ్ల కిందట మా ఫ్యాక్టరీ మరమ్మతుల కోసం నాలుగు రోజులు మూతపడింది. ప్యాకింగ్ వాళ్లం, బాయిలర్ వాళ్లం కలిసి పదకొండు మందిమి ఒక టెంపో ట్రావెలర్ మాట్లాడుకున్నాం. భద్రాచలంలో దర్శనం, అక్కణ్నుంచి రాముడూ సీతా వనవాసంలో ఉన్నారని చెప్పే పర్ణశాల, తిరిగొచ్చేటప్పుడు ఎటపాకలో జటాయువు పడిపోయిన చోటు. ఇదీ అనుకున్నది. బయల్దేరే ముందురోజు అక్క దగ్గరికి వెళ్లాను.

"తమ్మీ, పర్ణశాలల సీతమ్మ వాగు ఉంటదట గద. ఆ వాగుల పసుపు రాళ్లు ఉంటయట. నాకు ఒక్కటి తెస్తవార?" అంది.

ఆ వాగులో పచ్చటి రాళ్లు, ఎర్రటి రాళ్లు ఉంటాయి. తడిపి గీస్తే రంగు దిగుతుంది. అడవిలో పసుపు కుంకుమలు దొరకక సీతమ్మ ఆ రాళ్లనే అరగదీసి పెట్టుకుందని చెప్పుకుంటారు. అక్కడికి పోయిన ఆడవాళ్లు ఒక రాయి ఇంటికి తెచ్చుకుని, రోజూ కాస్త అరగదీసి పుస్తెలకు రాసుకుంటారు. భర్త ఆయుష్షు కోసం. అక్క ఆ మాట పైకి అనలేదు. అనకపోయినా మంచం మీద ఉన్న బావకు తెలుసు.

"తెస్తడు తెస్తడు," అన్నాడు బావ. "చిన్నగున్నప్పుడు ఉప్పు తెమ్మంటే పల్లీలు తినుకుంట ఒట్టి చేతులతోని వచ్చినోడు. ఏం బామ్మర్దీ, యాదికున్నదా?"

"తప్పకుండ తెస్త బావా," అన్నాను.

భద్రాచలంలో పొద్దున్నే దర్శనమైంది. పర్ణశాలకు భోజనాలయ్యాక బయల్దేరాలని అనుకున్నారు. ఆ లోపల నేనూ, ఇంకొక బాయిలర్ ఆపరేటరూ లాడ్జి గదిలో సీసా తెరిచాం. కింద వ్యాను హారన్ కొడుతూనే ఉంది. డ్రైవర్ పైకొచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"అన్నా, వస్తున్నరా లేదా? సీతమ్మ తల్లి ఎదురు సూస్తాంది."

"ఆమెకు అడివిల ఎదురుసూసుడు అలవాటే తియ్," అన్నాడు నా పక్కనున్నవాడు. ముగ్గురం నవ్వాం. వ్యాను వెళ్లిపోయింది. మేం సాయంత్రం దాకా తాగి పడుకున్నాం.

వాళ్లు పొద్దు గూకేసరికి తిరిగొచ్చారు. అందరి జేబుల్లో రాళ్లు. అప్పుడు నాకు అక్క గుర్తొచ్చింది. తిరుగు దారిలో వ్యానులో ఒకాయన్ను అడిగాను, ఒక రాయి ఇవ్వమని.

"ఒక్కటే తెచ్చిన, మా ఇంటామెకు," అన్నాడు. "నువ్వు ఖాళీ సీసా తెచ్చుకున్నవ్ గద, అది అరగదియ్."

వ్యానంతా నవ్వింది. మళ్లీ ఎవర్నీ అడగలేదు. అడిగితే ఎవరో ఒకరు ఇచ్చేవాళ్లే. పదిమందిలో ఇంకొకసారి నోరు తెరవలేక నేను చేసిన పని ఏమిటో ఇప్పుడు చెప్తాను.

షట్‌డౌన్ అయిపోయాక మొదటి రోజు ఫస్ట్ షిఫ్టుకు వెళ్లాను. మా ఫ్యాక్టరీ వెనక గోడ కింద నుంచి ఒక పైపు బయటికొచ్చి చిన్న వాగులో పడుతుంది. అక్కడి రాళ్లకు ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉంటుంది. లోపల ఏది తయారవుతుంటే ఆ రంగు. డ్రమ్ముల మీద మేం అంటించే పేర్లు నాకు నోటికి వచ్చు. అవి ఒంట్లోకి పోతే ఏం చేస్తాయో తెలీదు, ఎప్పుడూ అడగలేదు. ఆ వారం రాళ్లు పచ్చగా ఉన్నాయి. కోడిగుడ్డంత రాయి, నున్నటిది, ఒకటి ఏరుకున్నాను.

గోడ దగ్గర బీడీ తాగుతున్న బీహారీ కుర్రాడు నవ్వాడు. "క్యా భయ్యా, సోనా మిలా క్యా?"

"హా, సోనా హీ సమఝో," అన్నాను. బంగారమే అనుకో అని.

నల్లా కింద మూడుసార్లు కడిగాను. రంగు పోలేదు. పోలేదని సంతోషించాను.

అక్క ఆ రాయిని రెండు చేతులతో తీసుకుని కళ్లకద్దుకుంది. తడిగుడ్డతో తుడిచి దేవుడి అల్మారాలో పెట్టి, నా ముందు కూర్చుని "జెర చెప్పుర, ఎట్లున్నది అక్కడ?" అంది. వ్యానులో విన్నవి, ఫోన్లలో చూసినవి కలిపి చెప్పాను. బండల మీద సీతమ్మ నారచీరలు ఆరేసిన చారలున్నాయన్నాను. అది వాళ్లు చెప్పిందే. కానీ అక్క కళ్లు చూస్తుంటే నా నోరు ఆగలేదు. వాగు ఒడ్డున ఒక కోయ ముసలమ్మ కూర్చుని ఉందన్నాను. నా మొహం చూసి, "ఇంట్ల ఎవరికో బాగలేదు గద బిడ్డా" అని తనే నీళ్లలో చెయ్యి పెట్టి ఈ రాయి తీసిచ్చిందన్నాను. పైసలు కూడా తీసుకోలేదన్నాను. తలస్నానం చేసి శుద్ధిగా ఉన్నప్పుడే ముట్టాలని చెప్పిందన్నాను.

ఆ చివరి మాట ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు. కథకు నిండుగా ఉంటుందని అన్నానేమో.

అక్క పక్కింటామెను పిలిచింది. ఆమె ఇంకో ఇద్దరిని పిలిచింది. నేను మళ్లీ చెప్పాను. తర్వాత వెళ్లినప్పుడల్లా లిఫ్టు దగ్గర ఎవరో ఒకరు ఆపేవాళ్లు. "అన్నా, మాకు గూడ ఒక రాయి తేకపోతివి?" అనేవాళ్లు. ప్రతిసారీ ముసలమ్మ ఇంకాస్త ముసలిదైంది. ఆమె మాటలు ఇంకాస్త పెరిగాయి.

ఇక ఇది చెప్పాలి. రాయి సంగతి దొంగతనం లాంటిది. ఇది అంతకంటే పెద్దది.

రెండు నెలల తర్వాత ఒక పొద్దున, బావను డయాలసిస్‌కు తీసుకుపోవడానికి వెళ్లాను. తలుపు తెరిచే ఉంది. అక్క తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని వంటగది గచ్చు మీద కూర్చుని ఉంది. ముందర గంధం తీసే సాన. దాని మీద నాలుగు చుక్కలు వేసి రాయి అరగదీస్తోంది. పచ్చటి చిక్కటి నీళ్లు దిగాయి. వేలితో తీసి పుస్తెలకు రాసుకుంది. బావ నుదుట బొట్టు పెట్టింది. సాన మీద మిగిలిన దాన్ని చెంచాడు నీళ్లతో కడిగి స్టీలు గ్లాసులోకి ఒంపింది. కిటికీలోని సీసాలోంచి కొంచెం నీళ్లు పోసి, బావ నోటికి అందించింది.

బావ కళ్లు మూసుకుని తాగాడు. గ్లాసు అడుగును నాలుకతో తాకాడు. నన్ను చూసి, "మీ అక్క నన్ను మళ్ల పెండ్లికొడుకును చేస్తాంది బామ్మర్దీ. రోజు పసుపు పూసుడే," అన్నాడు.

నా చెయ్యి తలుపు గొళ్లెం మీద ఉంది. ఆ పైపు, ఆ వాగు, ఆ డ్రమ్ములు అన్నీ ఒక్కసారి కళ్ల ముందు నిలిచాయి. నేనన్న మాట ఒక్కటే.

"ఆలస్యమైతాంది. జల్దీ కానియ్ అక్కా."

అంతే. ఆ ఒక్క పొద్దు నేను నోరు తెరిచి ఉంటే నాకు దక్కేది నాలుగు తిట్లు. ఒక ఏడాది మాటల్లేకపోవడం. దాన్ని తప్పించుకోవడానికి నేను ఊరుకున్నాను. మర్నాడూ ఊరుకున్నాను. ప్రతి పొద్దూ ఆ గ్లాసు సంగతి తెలిసే ఊరుకున్నాను.

ఒకసారి రాయిని ఎత్తుకొచ్చాను. అబద్ధమెందుకు, ఆ ఒక్క ప్రయత్నం చేశాను. ఆ సాయంత్రమే అక్క ఫోన్ చేసింది. ఇల్లంతా వెతికిందట, అన్నం ముట్టలేదట. "నా మీద తల్లికి కోపమొచ్చిందిర, పోయిందిర" అని ఏడ్చింది. మర్నాడు వెళ్లి అల్మారా కింద చెయ్యి పెట్టి, "గిదేంది, ఈడనే ఉన్నది" అన్నాను. నా చేత్తోనే మళ్లీ ఇచ్చాను.

ఆసుపత్రిలో ఒక డాక్టరును చాటుగా అడిగాను, పసుపు రాయి అరగదీసి తాగిస్తే ఏమైనా అవుతుందా అని. "ఏం రాయి? ఎవరు తాగిస్తున్నారు?" అన్నాడు. "ఎవరు లేరు సార్, ఊకె అడిగిన" అని వచ్చేశాను.

వానాకాలంలో బావ పోయాడు. కిడ్నీలు ఎప్పుడో పోయాయి, గుండె కూడా ఓడిపోయింది అన్నారు. అది నిజమే కావచ్చు. రాయి లేకున్నా ఆ నెలలోనే పోయేవాడేమో. ఇంకో అయిదేళ్లు బతికేవాడేమో. నాకు తెలీదు. తెలుసుకునే దారి కూడా లేదు. ఇంత రాసీ ఆ ఒక్కటి రాయలేను.

అక్క మాత్రం కారణం తెలుసనుకుంది. చివరి వారంలో ఒక తెల్లవారుజామున బావకు ఆయాసం ఎక్కువైతే, అంబులెన్సు వచ్చేలోపు కంగారులో తలస్నానం చేయకుండా రాయి ముట్టిందట. "నేను మైలతోని ముట్టిన. ముసలమ్మ చెప్పిన మాట తప్పిన. అందుకే పోయిండు," అని పదోరోజున అందరి ముందూ అంది. ముసలమ్మ చెప్పిన మాట! చుట్టాలు ఓదార్చారు. నేనూ "అట్ల అనుకోకు అక్కా" అన్నాను. నా గొంతు అందరి గొంతుల్లో కలిసిపోయింది.

ఆ తర్వాత ఆమె ఒంటిపూట తినడం మొదలుపెట్టింది. కటిక నేల మీద పడుకునేది. పక్కింట్లో నామకరణానికి పిలిస్తే, "నా చెయ్యి మంచిది గాదు" అని తలుపు వేసుకుంది. రాయిని తెల్లగుడ్డలో కట్టి అల్మారాలో ఒక మూల పెట్టింది. ఎక్కడిది అక్కడ చేర్చి తప్పు ఒప్పుకోవాలని నన్ను అడుగుతూనే ఉండేది. డ్యూటీ ఉందన్నాను. సెలవు దొరకదన్నాను. ఏడాదిన్నర అట్లా గడిపాను. చివరికి, "నేను సచ్చినంక తీస్కపోతవా?" అంది.

పోయిన చలికాలంలో ఇద్దరం బస్సులో వెళ్లాం. రాయి ఆమె నడుము దగ్గర చీర కొంగులో ముడివేసి ఉంది. భద్రాచలంలో దిగి, గుళ్లోకి కూడా పోకుండా, ఆటోలో పర్ణశాల చేరాం. నేను మొదటిసారి చూస్తున్నాను. ఆ సంగతి మొహం మీద కనబడకుండా నడిచాను. కుటీరం దగ్గర బొమ్మలు పెట్టారు. బంగారు జింక, భిక్ష అడిగే సన్యాసి. ఆ సన్యాసి బొమ్మ దగ్గర అక్క ఆగి, "గింత తెల్లగ నవ్వుకుంట ఒస్తే ఎవరు నమ్మరు?" అంది. నేను తల దించుకున్నాను.

వాగులో నీళ్లు మోకాలి లోతు కూడా లేవు. తేటగా ఉన్నాయి. అడుగున రాళ్లు కనిపిస్తున్నాయి. అక్క ఒడ్డునంతా అటూ ఇటూ చూస్తోంది.

"ఆ ముసలమ్మ ఏడ కూసుంటదిర?"

సంచిలోంచి ఒక కొత్త చీర, జాకెట్టు గుడ్డ తీసింది. ఆమె కోసం తెచ్చిందట. బస్సులో ఎక్కడా చెప్పలేదు. అక్కడ పూసలు, బొమ్మలు అమ్ముకునే ఒకామెను అడిగింది.

"రాళ్లు తీసిచ్చే పెద్దమ్మ ఉంటది గద, ఏమైంది? మంచిగున్నదా?"

"ఏ పెద్దమ్మ? నేను ఇక్కడ పదిహేనేండ్ల సంది ఉన్న. గట్లాంటామె ఎవ్వరు లేరమ్మా. రాళ్లు ఎవరికి వాళ్లే ఏరుకుంటరు."

అక్క నా వంక చూసింది. తర్వాత వంగి నీళ్లలోంచి ఒక పచ్చటి రాయి తీసి, పక్కన బండ మీద గీసింది. మట్టి కలిసిన పలుచటి పసుపు గీత పడింది. కొంగు ముడి విప్పి నేనిచ్చిన రాయి తీసి దాని పక్కనే గీసింది. అది వేరే రంగు. కంటికి గుచ్చుకునే పచ్చదనం. పిల్లవాడైనా చెప్పగలడు.

"ఏందిర ఇది?" అంది.

అప్పుడు చెప్పాను. లాడ్జి, సీసా, వెనక గోడ పైపు, అన్నీ. ముసలమ్మ లేదని, తలస్నానం మాట నేను కల్పించిందేనని చెప్పాను. "నీ తప్పు ఏం లేదక్కా. మైల లేదు, ఏం లేదు. నువ్వు ఏ మాట తప్పలే" అన్నాను. నిజం చెప్తే ఆమె మీది బరువు దిగుతుందనే అనుకున్నాను. అంత తెలివితక్కువవాణ్ని.

అక్క బండ మీది రెండు గీతల వంక చూసింది. తర్వాత మెల్లగా అడిగింది.

"అయితె మీ బావకు నేను రోజు తాగిచ్చింది ఏంది?"

 నా దగ్గర డ్రమ్ముల మీది పేర్లే ఉన్నాయి. అవి చెప్పలేదు.

"నువ్వు సూసినవ్ గద. ఒకరోజు తలుపు కాడ నిలబడి సూసినవ్. జల్దీ కానియ్ అన్నవ్."

ఆమెకు ఆ మాట గుర్తుంది.

కాళ్లు పట్టుకున్నాను. కాళ్లు వెనక్కి తీసుకోలేదు, నన్ను లేపనూ లేదు. చుట్టూ జనం ఫోటోలు దిగుతున్నారు. కాసేపటికి నేను లేచి, కనీసం ఆ పని అయినా చేద్దామని రాయి తీసుకుని నీళ్లలో వేయబోయాను. అక్క చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"దీన్ని ఈడ ఎయ్యకు. ఈ నీళ్లు ఎవరన్న తాగుతరు."

రాయిని మళ్లీ తెల్లగుడ్డలో కట్టుకుంది. చీర, జాకెట్టు గుడ్డ పూసలమ్మే ఆమెకు ఇచ్చేసింది.  పటాన్‌చెరులో దిగాక, "నేను పోత తియ్" అని షేర్ ఆటో ఎక్కింది.

ఇప్పుడు ఆ రాయి దేవుడి అల్మారాలో లేదు. వంటగది కిటికీ గూట్లో, బావ నీళ్ల సీసా ఉండే చోట ఉంది. పారేద్దామంటే ఎక్కడ పారేయాలో ఆమెకు తోచదు. కాలనీ చెత్తలో వేస్తే పిల్లలు ఆడుకుంటారంటుంది. మా ఫ్యాక్టరీ వెనక వాగులోనే మళ్లీ వేద్దామంటే, "దాంట్ల ఉన్నది సాలదా?" అంటుంది.

మైల మాట మానేసింది. దాని బదులు ఇంకొకటి పట్టుకుంది. పక్కింటామె అడిగితే, "నా చేత్తోనే తాగిచ్చిన. నేనే తాగిచ్చి సంపుకున్న" అని చెప్పింది. ఏం తాగించిందో, అది ఎవరు తెచ్చారో చెప్పలేదు. ఆ మాటే లిఫ్టులో పైకీ కిందికీ తిరుగుతోంది. ఇంతకుముందు మైల అనుకున్నప్పుడు కనీసం ఇరుగుపొరుగు జాలిపడేవాళ్లు. ఇప్పుడు ఆమె వస్తుంటే పక్కకు జరుగుతున్నారు.

పోయిన నెల వెళ్లి బతిమాలాను. అందరినీ పిలిచి నేనే చెప్తానన్నాను. రాయి తెచ్చింది నేను, చూసి ఊరుకున్నది నేను, మా అక్క నమ్మడం తప్ప ఏమీ చేయలేదని చెప్తానన్నాను. అక్క బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తలెత్తకుండానే అంది.

"చెప్తే ఏమైతది? ఆయన దూప తీరుతదా?"

తర్వాత లేచి, వచ్చినవాళ్లకు ఇచ్చినట్టు, నాకు స్టీలు గ్లాసులో నీళ్లు తెచ్చి పెట్టింది. నిండుగా పోసింది. తాగలేక అట్లా పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.